చెరిపేసిన ఉదయం

మార్చి 4

ఒరేయ్ చిన్నా,

పెన్ను పట్టి ఎంత కాలమైందో, నా రాత నాకే కొత్తగా ఉంది. మీ సొరంగం పని దగ్గర ఫోన్లు పలకవు కాబట్టి తప్పదు. మీకు సరుకులు తెచ్చే లారీ ఆఫీసులో ఇస్తే నీకు చేరుతుందన్నావుగా, అక్కడే ఇస్తున్నాను.

ముందు పని సంగతి. పోయినేడాది నువ్వు మా ఇంటికి పెట్టించిన కెమెరాల రికార్డర్ పాడైంది. అల్మారా మీద ఉంటుందే నల్ల డబ్బా, అది. మీ బావ దాని పక్కనే సీసాలో మొక్క పెంచుతున్నారు కదా, ఆ సీసా ఒరిగి నీళ్ళన్నీ డబ్బాలోకి పోయాయి. దీపాలు ఆరిపోయాయి. కెమెరాలు మాత్రం బాగానే ఉన్నట్టున్నాయి. డబ్బా ఒక్కటి మారిస్తే సరిపోతుందా, మొత్తం కొనాలా? వరండా నిండా స్కూలు యూనిఫాంల గుడ్డ ఉంది. అప్పుడు దొంగలు గుడ్డల మూట ఎత్తుకుపోయినప్పుడు ఎంత ఏడ్చానో నీకు తెలుసు. మీ బావ తన మొక్క వల్లే ఇలా అయిందని తెగ బాధపడుతున్నారు. సీసా తీసుకెళ్ళి పెరట్లో పారేశారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇంకో సంగతి. నువ్వు బయల్దేరిన రోజు పొద్దున్నే మన సందులో నీళ్ళ క్యాన్లు వేసే అతను పడిపోయాడు. పైపుల కోసం తవ్విన గుంటలో సగం లోపల, సగం బయట పడి ఉన్నాడు. మీ బావ ప్రెస్‌లో రాత్రి డ్యూటీ దిగి వస్తూ చూసి, ఇద్దరు ముగ్గుర్ని పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తొడ ఎముక విరిగింది, తలకి దెబ్బ. ఆ పొద్దున జరిగింది ఒక్కటీ గుర్తు లేదట. నా దగ్గర గుండీలు కుట్టే అమ్మాయి, నువ్వు గుండీలమ్మ అని పేరు పెట్టావే, ఆమె మొగుడే. ఒకప్పుడు బాగా తాగేవాడు, మానేశాడు. మళ్ళీ మొదలుపెట్టి తూలి పడ్డాడని ఇప్పుడు అందరూ అంటున్నారు. ఆ అమ్మాయి వచ్చి, "మీ కెమెరాలో పడి ఉంటుంది కదక్కా, ఆయన తూలుతూ వచ్చాడా, మామూలుగా వచ్చాడా, అంతే నేను చూసుకుంటాను" అంది. డబ్బా పాడైందని చెప్పాను.

నువ్వు ముందు రోజు సాయంత్రమే వెళ్ళిపోయావని మీ బావతో సహా అందరికీ చెప్పాను. ఎవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు. ఇంతకంటే రాయలేను. జాగ్రత్తగా ఉండు. బండి నెమ్మదిగా నడుపు.

నీ అక్క

*

మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం పప్పుల బస్తా మీద కూర్చుని వచ్చింది. క్యాంపులో అందరూ చుట్టూ మూగారు, ఎవరో పిల్లనిచ్చేవాళ్ళు రాశారనుకుని. మా అక్క రికార్డర్ గురించి రాసిందంటే ఒక్కడూ నమ్మలేదు.

ఇక్కడ అంతా దుమ్ము. డ్రిల్లింగ్ మిషన్ రోజుకో పేచీ పెడుతోంది. దాని కింద పడుకుని పడుకుని నా వీపు నేలకి అలవాటైపోయింది. టీ కూడా డీజిల్ వాసనే.

డబ్బా సంగతి విను. కెమెరాలు మార్చక్కర్లేదు. రికార్డర్ ఒక్కటి కొనండి, కానీ అదే కంపెనీది, అదే రకం తీసుకోండి. వేరేది తెస్తే మన కెమెరాలు దాని మాట వినవు. కొన్నాక కెమెరాలని ఒక్కొక్కటిగా కిందికి దించి, కొత్త డబ్బా పక్కన పెట్టి, వైరు తగిలించి జత చెయ్యాలి. అది అయ్యాక ఎప్పటిలా పైన బిగించెయ్యొచ్చు. వైర్లు లేని కెమెరాలని మురిసిపోయాం కానీ, ఈ ఒక్కదానికి వైరు తప్పదు.

అన్నిటికంటే ముఖ్యం, పాత డబ్బా పారెయ్యొద్దు. లోపల డిస్కు ఉంటుంది, అరచేతిలో పట్టేంత ఇనప పెట్టె. రికార్డయినదంతా దాన్లోనే ఉంటుంది. మూత గట్టిది, నీళ్ళు లోపలికి పోయి ఉండవు. దాన్ని కొత్త డబ్బాలో పెడితే మాత్రం, చెరిపేసి వాడుకోనా అని అడుగుతుంది. పొరపాటున కూడా సరేననొద్దు. ముందు షాపులో కంప్యూటర్‌కి తగిలించి ఆ పొద్దుటిది తీయించి గుండీలమ్మకి చూపించు. పాపం, ఆయన తాగి పడ్డాడంటే నేను నమ్మను. ఆ పొద్దున వ్యాను వెనక్కి తీసేటప్పుడు నాకు దారి చూపించింది ఆయనే. మనిషి నిలువుగా, నవ్వుతూ ఉన్నాడు.

నేను ముందు రోజే వెళ్ళానని ఎందుకు చెప్పావో మొదట అర్థం కాలేదు. సైట్ వ్యాను ఇంకో రాత్రి మీ ఇంటి దగ్గర ఉంచుకున్నానని మా ఆఫీసు నుంచి ఎవరైనా అడుగుతారని కదూ? మంచి పని చేశావు. అలాగే చెబుతాను. నువ్వు కంగారు పడకు.

బావకి చెప్పు, మొక్క పోతే పోయింది, మనిషి బాగుండాలి.

నీ చిన్నోడు

*

మార్చి 20

చిన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎవరి చేతిలో పడినా తప్పు పట్టలేకుండా రాశావు. నాకు అర్థమైంది. అయినా ఈ ఒక్క ఉత్తరం దాపరికం లేకుండా రాస్తున్నాను, చదివి చించెయ్.

సీసా ఒరగలేదు. నేనే ఆ నీళ్ళు డబ్బాలో పోశాను.

ఆ పొద్దున నువ్వు వెళ్ళాక స్టవ్ దగ్గరికి వచ్చాను. కాసేపటికి సందులో కేకలు. మీ బావ గొంతు కూడా వినిపించింది. బయటికి వెళ్ళబోతూ ఫోన్ చూశాను. గేటు మీది కెమెరా ఎవరైనా కదిలితే ఫోన్‌కి ఒక చిన్న వీడియో ముక్క పంపిస్తుంది కదా, రెండు ముక్కలు వచ్చి ఉన్నాయి. మొదటి దాంట్లో నీ వ్యాను వెనక్కి వస్తోంది, దాని వెనక అతను ఉన్నాడు. రెండో దాంట్లో వ్యాను లేదు, అతను గుంటలో పడి ఉన్నాడు. నువ్వు చూసుకోలేదు, చూసుకుంటే ఆగేవాడివే అనుకున్నాను. బయట మీ బావ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. నేను లోపల నిలబడి ఫోన్‌లో రెండు ముక్కలూ తీసేసి, సీసా వంచాను.

అమ్మ పోయాక నిన్ను చేతుల్లో పెంచాను. ఇంకేం ఆలోచన రాలేదు నాకు.

నీ సలహా వచ్చేలోగా మీ బావ ఆగలేదు. తన మొక్క వల్ల పాడైందని, తనే వెళ్ళి కొత్త రికార్డర్ కొని, షాపు కుర్రాడిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ అబ్బాయి పాత డబ్బా విప్పి, "డిస్కు బాగానే ఉందండీ, పాతవి ఉంచమంటారా, చెరిపెయ్యమంటారా?" అని అడిగాడు. మీ బావ నా వైపు చూశారు. "అందులో ఏముంది, చెరిపెయ్యండి" అన్నాను. మీ బావ అప్పుడు కూడా నాకు క్షమాపణే చెప్పారు.

గేటు కెమెరా తప్ప అన్నీ కలిశాయి. అది ఎంత చేసినా కొత్త డబ్బాతో జత కాలేదు. నేను పట్టించుకోలేదు. అది చూడకపోతేనే నాకు నయం.

ఇక నీకు భయం లేదు. ఎవరికీ ఏమీ కనపడదు. గుండీలమ్మ రోజూ వస్తోంది. ఆమె ముందు టీ గ్లాసు పెట్టి లోపలికి వెళ్ళిపోతున్నాను.

నీ అక్క

*

మార్చి 28

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను.

నేను ఆయన్ని గుద్దలేదు. నా రాతలో లోపలి అర్థం ఏమీ లేదు. ఆయన నిలువుగా, నవ్వుతూ ఉన్నాడని రాశానంటే, ఉన్నాడు కాబట్టి రాశాను. ముందు రోజే వెళ్ళానని చెబుతానన్నది సైట్ వ్యాను గురించే, దేవుడి సాక్షిగా.

జరిగింది ఇది. ఆయన స్కూటర్ గోడ పక్కన ఆపి, నా వ్యాను పక్కన నడుస్తూ, చేత్తో తడుతూ దారి చూపించాడు. సందు మొదట్లో తిప్పుకోవడానికి చోటు చాలక, "కాస్త వెనక్కి జరుగన్నా" అని కిటికీలోంచి అరిచాను. ఆయన జరిగాడు. అద్దంలో చూశాను, గుంట మీద కప్పిన ఇనప రేకు మీద నిలబడి చెయ్యి ఊపాడు. నేను మలుపు తిరిగాను. అప్పుడు రేకు చప్పుడు వినపడింది. పైపుల వాళ్ళు పనిలోకి దిగారేమో అనుకున్నాను. ఆగలేదు.

నీ ఉత్తరం చదివే దాకా ఆ చప్పుడు సంగతే నాకు గుర్తు లేదు. ఇప్పుడు అదే వినిపిస్తోంది. డ్రిల్లింగ్ ఆగిన ప్రతిసారీ వినిపిస్తోంది.

రేకు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఆయన్ని పైకి తీసేటప్పుడు జనం దాన్ని పక్కకి లాగి ఉంటారు, తర్వాత పైపుల వాళ్ళు సరిగ్గా వేసి ఉంటారు. ఇదంతా ఆ డిస్కులో ఉండేది అక్కా. నువ్వు చూసింది రెండు ముక్కలు. మధ్యలోది రికార్డర్‌లో ఉంది. ఒక్కసారి టీవీకి తగిలించి చూసి ఉంటే నేనూ బయటపడేవాణ్ణి, ఆయనా బయటపడేవాడు.

నేను మనిషిని పడేసి వెళ్ళిపోయేవాడినని నీకు ఎలా తోచింది? చూసుకోలేదనుకున్నానంటావు. సరే. మరి నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా. నీళ్ళు పోసే ముందు కాకపోయినా, పోశాక అయినా.

కోపంలో రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

సెలవు పెట్టాను. మిషన్ బాగైన వెంటనే పంపిస్తామన్నారు. వచ్చి ఆయనకి నేనే చెబుతాను, పోలీసు స్టేషన్‌లో రాసిస్తాను. కానీ నేను ముందు రోజే వెళ్ళానని ఊరంతా చెప్పావు. నా మాట నిలబడాలంటే ముందు నువ్వు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. బావకి, ఆమెకి, ఇద్దరికీ చెప్పు. నేను వచ్చేలోగా చెప్పు.

తమ్ముడు

*

ఏప్రిల్ 5

చిన్నా,

నువ్వు చిన్నోడు అని రాయకుండా తమ్ముడు అని రాశావు. అది చూసి కాసేపు చదవలేకపోయాను.

ముందు కొత్త డబ్బాలోంచి ఆ డిస్కు తీయించి పట్టుకుని బజారుకి పరుగెత్తాను. చెరిగిపోయినవి తీసే షాపుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ కంప్యూటర్‌కి తగిలించి చాలాసేపు చూసింది. "చెరిపి ఊరుకుంటే ఏదో దొరికేదేమో అమ్మా, కానీ కొత్తది దాని మీదే రోజూ రికార్డవుతోంది. పాతది కింద నలిగిపోయింది" అంది. మా వరండాలో నేను గుడ్డలు కత్తిరిస్తున్న బొమ్మలే కనపడ్డాయి. ఆ పొద్దుటి మీద నేనే కూర్చుని ఉన్నాను.

మీ బావకి చెప్పాను. డ్యూటీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నారు. ఒక కాలికి వేసుకుని ఆగిపోయారు. "నా మొక్క అని నేను కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?" అన్నారు. అవునన్నాను. "అతన్ని మోసింది నేనే కదా. ఆ గుంట దగ్గర రేకు పక్కకి లాగింది కూడా నేనే. ఒరిగి ఉందో లేదో చూడలేదు" అన్నారు. రెండో చెప్పు వేసుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

గుండీలమ్మకి చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. వస్తుంది, మూట ముందు కూర్చుంటుంది, చెబుదామనుకుంటాను, దారం ఏ రంగు కావాలని అడుగుతాను. చివరికి మిషన్ ఆపేసి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఫోన్‌లో చూసింది, నీళ్ళు పోసింది, చెరిపించింది, నువ్వు ఎప్పుడు వెళ్ళింది, నువ్వు రాసింది, అన్నీ చెప్పాను.

ఆమె చేతిలో సూది ఆగలేదు. ఆ గుండీ పూర్తిగా కుట్టి, ముడి వేసి, దారం తెంపింది. చొక్కా మడిచి మిగతా వాటి మీద పెట్టింది. అప్పుడు అడిగింది.

"ముందు రోజే వెళ్ళిపోయాడన్నారు. ఇప్పుడేమో ఆ పొద్దునే వెళ్ళాడంటున్నారు. ఏది నమ్మాలక్కా?"

నీ ఉత్తరం తీసి ఆమె ముందు పెట్టాను, ముట్టుకోలేదు.

"ఆయన మంచం మీద పడుకుని రోజూ నన్ను అడుగుతాడు, నేను తాగానా అని. గుర్తు లేదు కదా పాపం. నలుగురూ అంటున్నారు, క్యాన్ల ఓనరు కూడా అదే అని పనిలోంచి తీసేశాడు. నేనూ తాగావనే చెప్పాను. అప్పట్నుంచి పళ్ళెం పక్కన పెట్టి వచ్చేస్తున్నాను. మాట్లాడట్లేదు. ఆయన కూడా తాగే ఉంటానులే అని ఒప్పేసుకున్నాడు."

అంతే. సూది గుడ్డకి గుచ్చి లేచింది. "రేపట్నుంచి రాను" అంది. గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

ఆ మనిషి చెయ్యని తప్పు ఒప్పుకున్నాడురా. నా వల్ల ఒప్పుకున్నాడు. నువ్వు త్వరగా రా.

అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

నిన్న సైట్‌కి చేరాను. ఊళ్ళో ఉన్నప్పుడు మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. బావ ఉన్నారని కాదు, ఏం మాట్లాడాలో తెలియక. గుండీలమ్మ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె నిన్ను లోపలికి రమ్మనలేదు, నువ్వు మెట్టు మీదే కూర్చుండిపోయావు. లోపల ఏం జరిగిందో తిరిగొచ్చేటప్పుడు చెబుదామనుకున్నాను, నీ మొహం చూసి చెప్పలేకపోయాను.

ఒకటే గది. ఆయన మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి కట్టు, తల సగం గొరిగి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. ఆమె గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. నేను చెబుతుంటే అబద్ధం ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్నట్టే ఉంది. ఉండదా మరి.

వ్యాను వెనక్కి తీసిన సంగతి చెబుతూ, "మీరు వ్యానుని తడుతూ, 'రానీ, రానీ బంగారం, అదీ, మెల్లగా బంగారం' అన్నారు. నన్నా, వ్యానునా అని నేను నవ్వాను. 'మనుషుల్ని అంత మాట అనను బాబూ, బండ్లనే' అన్నారు" అన్నాను.

ఆమె చేతులు వదిలేసింది.

"ఆ మాట ఈయనదే. స్కూటర్ స్టార్ట్ కాకపోతే దాన్ని కూడా అట్లాగే బతిమాలతాడు" అంది. తర్వాత, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు, "తాగితే ఈయన నోరు మెదపడు. గోడ వైపు తిరిగి కూర్చుంటాడు" అంది.

ఆయన నా వైపు చూడట్లేదు, ఆమె వైపు చూస్తున్నాడు. "అయితే నేను తాగలేదా?" అని అడిగాడు. పరీక్ష తప్పాననుకున్న పిల్లాడు పాసయ్యావంటే అడిగినట్టు అడిగాడు. ఆమె మంచం అంచున కూర్చుంది. ఆయన కాలికి ఉన్న దుప్పటి సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

అప్పుడు మిగతాది కూడా చెప్పాను. జరగమని అరిచింది నేనేనని, చప్పుడు విని కూడా ఆగలేదని. ఆయన దుప్పటి మీంచే కాలు తడుముకున్నాడు. "నువ్వు జరగమన్నావు, నేను జరిగాను. రేకు అట్లా వేసినోడిది తప్పు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కానీ చప్పుడయినప్పుడు ఆగి చూడాల్సింది బాబూ" అన్నాడు. కోపంగా అనలేదు. అన్నంలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పాడు. అవునన్నాను.

నువ్వు నన్ను అనుమానించావని నీ మీద ఎగిరాను. నువ్వు అనుకున్నంత చెడ్డవాడిని కాకపోయినా, నేను అనుకున్నంత మంచివాడిని కూడా కాదు.

స్టేషన్‌లో రాసిచ్చిన కాగితం నకలు బావ దగ్గర ఉంది. గేటు కెమెరా కూడా కలిపేశాను. దాని వెనక ఉన్న చిన్న బటన్ నొక్కి పట్టుకుంటే పాత డబ్బాని మర్చిపోతుంది, అప్పుడే కొత్తదాన్ని ఒప్పుకుంటుంది. షాపు కుర్రాడు అది నొక్కలేదు.

నీ చిన్నోడు

*

మే 3

చిన్నా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకున్నాను. మీ బావకి కూడా చదివి వినిపించాను. ఆయన మళ్ళీ నాతో మాట్లాడుతున్నారు, ఉప్పు అందించు, తలుపు వెయ్యి లాంటివి. అదే పెద్ద మాటలా ఉంది నాకు.

స్టేషన్ నుంచి కబురు వెళ్ళాక పైపుల కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. రేకులన్నీ తీసి చూసుకున్నారు, సందంతా కమ్మీలు పాతి తాళ్ళు కట్టారు. తప్పు మాదేనని నోటితో అనలేదు కానీ, ఆసుపత్రి ఖర్చు గురించి మాట్లాడటానికి మీ బావని, గుండీలమ్మ తోడబుట్టినవాడిని రమ్మన్నారు. చూడాలి. నేనూ స్టేషన్‌కి వెళ్ళి నా అబద్ధం సంగతి చెబితే పని సులువవుతుందంటే, వెళ్ళి చెప్పాను. అక్కడ రాసుకునే అతను తలెత్తి నన్నొకసారి చూశాడు. ఆ చూపు నాకు రావాల్సిందే.

క్యాన్ల ఓనరు దగ్గరికి మీ బావ ఒక్కరే వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. కాలు కుదిరాక నీళ్ళు నింపే దగ్గర కూర్చోబెట్టి పని ఇస్తానన్నాడట. తాగి పడ్డాడన్న మాట మాత్రం నలుగురి ముందూ వెనక్కి తీసుకున్నాడట.

నిన్న గుండీలమ్మ వచ్చింది. పనికి కాదు. తన కత్తెర, కళ్ళద్దాలు నా దగ్గరే ఉండిపోయాయి, వాటి కోసం. బజారులో వేరే దర్జీ దగ్గర కుదిరిందట. లోపలికి రమ్మన్నాను, వరండాలోనే నిలబడింది. కత్తెర గుడ్డలో చుట్టి ఇచ్చాను. ఇన్నాళ్ళుగా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "నన్ను క్షమించు" అని మాత్రం అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉంది.

"ఆయన నన్ను ఒక్క మాట అనలేదక్కా. తాగావని చెప్పింది నేనే కదా. అన్నం తింటావా అని అడక్కుండా పళ్ళెం పెట్టి వచ్చేసింది కూడా నేనే. ఇప్పుడేమో నేను కూర్చుంటే చాలు, సంతోషపడిపోతున్నాడు. అది చూడలేకపోతున్నాను. ముందు ఆయన దగ్గర నా సంగతి తేలాలి. మీ సంగతి ఆ తర్వాత."

అని, కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళింది.

ఆ తర్వాత అంటే ఎప్పుడో నేను అడగలేదురా. అడిగే హక్కు నాది కాదు. యూనిఫాంలు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. గుండీలు నేనే కుడుతున్నాను. ఆమెలా గట్టిగా రావట్లేదు, రెండోసారి కుట్టాల్సి వస్తోంది. కుడుతున్నాను.

నీ అక్క